మెరక కోసం తవ్విన చోటు

మా స్థలం మొత్తం పన్నెండు సెంట్లు. అందులో ఇల్లు మూడు సెంట్లు. దస్తావేజు చదివితే మిగతాదంతా ఖాళీ అనిపిస్తుంది కానీ, కోనసీమలో ఖాళీ నేల అంటూ ఉండదు. పదకొండు కొబ్బరి చెట్లు, ఒక పనస, ఒక దబ్బ, ప్రహరీ పొడుగునా అరటి పిలకలు, వాటన్నిటి కిందా ఏ నెలలో చూసినా ఆరని తడి. మూడు రోజులు ముసురు పట్టిందంటే ముందు వాకిట్లో మడమ మునిగే నీళ్ళు నిలుస్తాయి. వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఒక మెట్టు పైకి లేస్తుంది, మేము ఒక మెట్టు కిందికి దిగుతాం. పోయిన ఏడాది వానలకి నీళ్ళు గడప దాటి హాల్లోకి వచ్చాయి. మా పాప మంచం మీద నిలబడి, "అమ్మా, చేప!" అని చప్పట్లు కొట్టింది. అది చేప కాదు, నీరుకట్టె పాము. అది విషపు పాము కాదని నాకు తెలుసు. తెలిసినా, దాన్ని చీపురుతో బయటికి తోసి, పాపని చంకనేసుకుని, నీళ్ళు తీసేదాకా మంచం దిగలేదు నేను.

ఈ వేసవిలో మెరక చేయిద్దామని మా ఆయన అన్నారు. మెరక అంటే ఎత్తు. మెట్ట ఊళ్ళలో ఏ గుట్టనో తవ్వి తెచ్చి పోసుకుంటారు. మాకు గుట్టలెక్కడివి? వెనక దొడ్డి తవ్వి ముందు వాకిట్లో పోసుకోవడమే. అందుకే మా వైపు ఏ ఇల్లు చూసినా వెనకాల ఒక గొయ్యి, అందులో ఊట నీళ్ళు, నీళ్ళ మీద నాచు. ఇల్లు ఎంత ఎత్తో గొయ్యి అంత లోతు.

"బోటనీ చదివేవు కదా, ప్లానేదో నువ్వే గియ్యి. మొక్కలెక్కడ, పాప ఆడుకునేదెక్కడ, గొయ్యెక్కడ, అన్నీ ఒకేసారి తేల్చేద్దాం," అన్నారాయన. ఆయన ఉద్యోగం మండలం ఆఫీసులో. పొద్దున్న వెళితే సాయంత్రం ఆరు దాటాకే రావడం. నేను గ్రాఫు కాగితాలు కొనుక్కొచ్చాను. నిజానికి నాకు సంతోషమే వేసింది. డిగ్రీ అయ్యాక గ్రాఫు కాగితం పట్టుకోవడం అదే మొదలు.

ముందు గొయ్యి గురించే ఆలోచించాను. పాపకి మూడేళ్ళు నిండలేదు. గొయ్యి ఎంత దూరంలో ఉంటే నేను పరిగెత్తి అందుకోగలనో లెక్క వేసుకున్నాను. పాపని దొడ్డి గుమ్మంలో నిలబెట్టి, "ఆ చివరిదాకా నడు," అని, దాని అడుగులు లెక్కపెట్టాను. ఎదురుగా, జంట కొబ్బరి చెట్ల అవతల, గోడ దాకా నలభై ఒకటి. కుడి మూలకి ఇరవై ఏడు. ఎడమ గోడ పక్క దబ్బ చెట్టుకి పద్దెనిమిది. అక్కడక్కడా ఆగుతుంది, చీమని చూస్తుంది, మళ్ళీ నడుస్తుంది. ఆగకుండా నడిస్తే ఎంతసేపో గడియారం పెట్టి మళ్ళీ నడిపించాను. అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని చూస్తూ, "పిల్లకి కవాతు నేర్పిస్తున్నావా ఏంటమ్మా?" అన్నారు.

నలభై ఒకటి ఖాయం చేశాను. గొయ్యి జంట చెట్ల అవతల.

రెండో సంగతి అత్తయ్యగారిని అడగాల్సింది. దానికి వారం రోజులు పట్టింది నాకు.

పాపకి ముందు నాకో బాబు పుట్టాడు. ఎనిమిదో నెలలో, ఊపిరి లేకుండా. అమలాపురంలో ఆసుపత్రి. నాకు రక్తం ఆగలేదు. మా ఆయన నా పక్కనే ఉండి రక్తం ఇస్తున్నారు. నాకు స్పృహ వచ్చేసరికి బాబుని మావయ్యగారూ అత్తయ్యగారూ ఇంటికి తీసుకెళ్ళిపోయారు. నేను చూడలేదు. అప్పుడు వానాకాలం, మా చర్చి సమాధుల తోట మోకాలి లోతు నీళ్ళలో ఉంది. అయినా ఊపిరి తియ్యని బిడ్డని మా వైపు అక్కడిదాకా తీసుకెళ్ళరు. ఇంటి దొడ్లోనే మట్టి చేస్తారు. తల్లికి చోటు చెప్పరు. చెబితే కాళ్ళు అక్కడికే పోతాయనీ, కడుపు మళ్ళీ నిలవదనీ. ఈ మాట రాసిపెట్టిన ఆచారమేమీ కాదు, పాస్టరుగారు చెప్పిందీ కాదు. పెద్ద ఆడవాళ్ళు పాటించేది, అంతే.

మా ఆయనకీ చోటు తెలియదు. ఒకసారి వాళ్ళ నాన్నగారిని అడిగారట. "వెనకాల పెట్టేం లేరా, ఒదిలెయ్," అన్నారట ఆయన. మావయ్యగారు ఊరందరికీ మేష్టారు. ఆయన ఒకసారి వద్దంటే రెండోసారి అడిగే అలవాటు ఎవరికీ లేదు. పాపకి ఏడాది నిండకుండానే ఆయన పోయారు. ఇక తెలిసింది అత్తయ్యగారికి ఒక్కరికే అనుకున్నాను.

నాలుగేళ్ళకి పైగా నేను ఆ దొడ్లో బట్టలు ఆరేస్తున్నాను, కరివేపాకు కోస్తున్నాను. అడుగు వేసిన ప్రతిచోటా ఇదేనేమో అనిపిస్తుంది. కొంతకాలానికి అనిపించడం తగ్గింది. కానీ ఇప్పుడు యంత్రం వస్తోంది. మనిషి లోతు తవ్వుతుంది. ఎక్కడున్నాడో తెలియకుండా నేను గీత ఎలా గియ్యను?

ఒక మధ్యాహ్నం పాప నిద్రపోయాక అడిగాను. కాగితం ముందు పెట్టి, పెన్సిలు చేతికిచ్చాను.

"అత్తయ్యగారండీ, చోటు చూపించండి. నేను ఏడవను. తవ్వకుండా ఉండడానికి, అంతే."

ఆవిడ కాగితం వంక చాలాసేపు చూశారు. పెన్సిలు ముట్టుకోలేదు. లేచి దొడ్డి గుమ్మం దాకా నడిచి, ఎడమవైపు చెయ్యి చూపించారు.

"దబ్బ చెట్టు కింద. గోడ వారగా."

"నిజంగానా అండీ?"

"అబద్ధం చెప్పడానికి నాకేం పని?"

నేను ఏడవననే అన్నాను. ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, కాసేపటికి, "మరి ఆ కుడి మూల నాకు చిక్కుడు పందిరి వెయ్యమ్మా. అక్కడ తవ్వడాలూ గివ్వడాలూ వద్దు. ఆ మట్టలు కుప్ప పోసిన చోటు బాగా చివికి ఉంటది, చిక్కుడు బాగా కాస్తది," అన్నారు. ఏడుస్తున్న మనిషికి మాట మార్చడానికి చెప్తున్నారనుకున్నాను. కుడి మూలలో ఎండు కొబ్బరి మట్టలు ఎప్పుడూ కుప్పగా ఉంటాయి. పొయ్యిలోకి వాడేది అందులో పదోవంతు కూడా ఉండదు. అయినా కొబ్బరికాయల దింపు తీసిన ప్రతిసారీ రాలిన మట్టలు ఆవిడ అక్కడే వేయించేవారు. నేను కాగితం మీద అక్కడ పందిరి గీశాను. దబ్బ చెట్టు కింద ఒక గుండ్రం గీసి, లోపల ఏమీ రాయలేదు.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన బూట్లు విప్పకుండానే దొడ్లోకి వెళ్ళి దబ్బ చెట్టు దగ్గర నిలబడ్డారు. మర్నాడు నందివర్ధనం మొక్క తెచ్చారు. ఆయన చెట్టూ చేమా పట్టించుకునే మనిషి కాదు. ఆ మొక్కకి మాత్రం తనే పాదు చేశారు.

మట్టి తవ్వే పొక్లెయిను వచ్చిన రోజు గురించి రాయాలంటే చెయ్యి ఆగుతోంది. వానలకి ముందు ఊళ్ళో అందరికీ మెరకలే, దాన్ని పట్టుకోవడమే కష్టం. మొదట శనివారం వస్తానన్న బండి, గురువారం పొద్దున్న ఏడింటికి గేటు ముందు నిలబడింది. అత్తయ్యగారు అప్పటికే ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థనకి ఐనవిల్లి వైపు ఒక ఊరు వెళ్ళిపోయారు. ప్రార్థనలో కూర్చుంటే ఆవిడ ఫోను ఆపేస్తారు.

డ్రైవరు దిగి దొడ్డంతా తిరిగొచ్చాడు.

"మేడంగారండీ, ఈ రెండు చెట్ల మధ్య నుంచి నా బండి దూరదండి."

"పక్క నుంచి?"

"పక్క సెప్టిక్ ట్యాంకు ఉంది కదండీ. బండి ఎక్కితే ట్యాంకులో పడతానండి, తర్వాత నన్ను తియ్యడానికి ఇంకో బండి రావాలండి. ఒక చెట్టు కొట్టేస్తే వెళ్ళిపోతానండి."

మా ఆయనకి ఫోను చేశాను. "కొట్టించెయ్. అమ్మకి నేను చెప్తాను," అన్నారు.

"మీరు చెప్పేది సాయంత్రం. అప్పటిదాకా ఆవిడ మొహం చూడాల్సింది నేనండీ."

కాపుకొచ్చిన చెట్టు. దాన్ని కొట్టిస్తే అత్తయ్యగారు నెల రోజులు నాతో మాట్లాడరు. డ్రైవరు గడియారం చూసుకుంటున్నాడు. పదకొండింటికల్లా ఇంకో ఇంటికి వెళ్ళాలట. ఇవాళ కాకపోతే మళ్ళీ నెలకే అన్నాడు. నెలకంటే వానలు. వానలంటే హాల్లో నీళ్ళు.

నేను కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. వంటింటి కిటికీ కుడి మూలకి తెరుచుకుంటుంది. అక్కడ నిలబడి చూస్తే మట్టల కుప్ప మొత్తం కనిపిస్తోంది. అప్పుడు తట్టింది నాకు, నలభై ఒక్క అడుగుల దూరం కన్నా కంటికి కనిపించే ఇరవై ఏడు అడుగులే నయమని. జంట చెట్ల అవతల పాప జారిందంటే నాకు తెలియను కూడా తెలియదు. ఇక్కడైతే అన్నం వారుస్తూ కూడా చూడొచ్చు. గొయ్యి చుట్టూ వల కట్టిస్తాను. ఇంత మంచి ఆలోచన ముందే ఎందుకు రాలేదా అనుకున్నాను. పందిరి కొట్టేసి అక్కడ గొయ్యి గీశాను. పందిరికి వేరే చోటు చూడొచ్చులే.

బయటికొచ్చి, "ఇటు తవ్వండి," అన్నాను.

మట్టలు తీయించి పక్కకి వేయించాను. యంత్రం చెయ్యి చాచి మొదటి తొట్టె మట్టి ఎత్తి, ముందు వాకిట్లోకి మోసే ట్రాక్టరులో పోసింది. నేను పాపని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడి చూపించాను. అది చప్పట్లు కొట్టింది. నేను మధ్యమధ్య బయటికెళ్ళి, "ఆ అంచు తిన్నగా రావాలి, ఇంకాస్త ఇటు," అని చెప్తూనే ఉన్నాను. ఏం చూశానో గుర్తు తెచ్చుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను. కొబ్బరి వేళ్ళు, పెంకు ముక్కలు, పైన గోధుమరంగు మట్టి, కింద నల్లగా మెత్తగా ఒండ్రు, అడుగున ఊట. ఒక రాయి కూడా వచ్చింది. పగిలిన సన్నికల్లులో సగం. డ్రైవరు దాన్ని తొట్టెతో నెమ్మదిగా పక్కన పెట్టి, "పనికొచ్చుద్దండి, మెట్టుగా ఏసుకోండి," అన్నాడు. కుళాయి కింద పాప కాళ్ళు కడగడానికి వేశాను. అంతకంటే ఏమీ చూడలేదు. అంచులు తిన్నగా వచ్చాయని సంబరపడ్డాను.

పదకొండింటికల్లా ముందు వాకిలి మోకాలెత్తు లేచింది.

అత్తయ్యగారు మూడింటికి ఆటో దిగారు. కొత్త మట్టి మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చి, ఇల్లు చుట్టి దొడ్లోకి వెళ్ళారు. నేను వెనకాలే వెళుతూ చెప్తున్నాను, బండి దూరలేదనీ, చెట్టు కొట్టకుండా కాపాడాననీ, కిటికీ గురించీ. ఆవిడ గొయ్యి అంచున ఆగారు. అడుగున అప్పటికే జానెడు నీళ్ళు ఊరాయి. ఏమైందండీ అని నేను అడిగితే, "ఉపవాసం కదమ్మా, తల తిరుగుతుంది," అని లోపలికెళ్ళి పడుకున్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడూ సరిగ్గా తినలేదు. తనని అడక్కుండా పందిరి చోటు మార్చానని కోపం అనుకున్నాను. మూడో రోజు నాకూ కోపం వచ్చింది. చిక్కుడు పందిరి కోసం ఇంత పట్టుదలా అని.

ఆ తర్వాత పదకొండు రోజులూ నేను తోటపనిలోనే ఉన్నాను. గొయ్యి చుట్టూ వెదురు పాతించి వల కట్టించాను. ముందు కొత్త మట్టి మీద పాపకి ఉయ్యాల దిమ్మలు వేయించాను, గేటు పక్కన మందారాలు పెట్టాను. పాప పొద్దున్న లేచింది మొదలు ఆ మట్టిలోనే. కొబ్బరి చిప్పతో తవ్వుతుంది, పోస్తుంది, ముద్దలు చేసి, "ఇడ్లీ తిను," అని నా చేతిలో పెడుతుంది. నేను తిన్నట్టు నటిస్తాను.

పన్నెండో రోజు దింపు తీసే ఆయన వచ్చాడు. నలభై ఐదు రోజులకోసారి మా చెట్లెక్కి కాయలు దింపుతాడు. మావయ్యగారి కాలం నుంచీ ఆయనే. భుజాన చెట్టెక్కే మోకు, నడుముకి కత్తి. ఎప్పుడూ నవ్వుతూ, "పాపగారికి బొండాం కొట్టమంటారేటండీ?" అంటూ లోపలికొస్తాడు. ఆ రోజు దొడ్లోకి అడుగుపెట్టి నిలబడిపోయాడు.

"అమ్మగారండీ, ఇక్కడ మట్టల కుప్ప ఉండాలి కదండీ."

"తీయించేశాం. మెరకకి మట్టి కావాలిగా."

"పెద్దమ్మగారు ఊళ్ళో లేరేటండీ ఆ రోజు?"

"ప్రార్థనకి వెళ్ళారు. ఏం?"

"ఏం లేదండి."

మోకు కింద పెట్టి, నీళ్ళు తాగుతానని కుళాయి దగ్గరికెళ్ళాడు. అక్కడ రాయి మీద అడుగు వెయ్యబోయి కాలు వెనక్కి తీసుకున్నాడు. వంగి చూశాడు.

"ఈ రాయెక్కడిదండీ?"

"గోతిలోంచి వచ్చింది. ఎవరిదో పాత సన్నికల్లు."

ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎవరిదో కాదండి. పెద్దమ్మగారిదేనండి. నేనే తెచ్చి పెట్టేనండి. వానకి మట్టి మెత్తగా ఉంది, కుక్కలు తవ్వుతాయి, మీద ఏదైనా బరువు పెట్టరా అన్నారండి మేష్టారు."

"దేని మీద?" అన్నాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది.

ఆయన నా మొహం చూసి లేచి నిలబడ్డాడు. "మీకు తెలుసనుకున్నానండి. తెలిసే తవ్వించేరు, వేరే చోటుకి మార్పించేరేమో అనుకున్నానండి. నా నోరు పడిపోనూ."

"దబ్బ చెట్టు కింద కాదా?"

"దబ్బ చెట్టు కింద ఏం లేదండి. ఆ రోజు దొడ్డి మొత్తానికి నీళ్ళు లేని చోటు ఇదొక్కటేనండి. గొయ్యి తీసింది నేనేనండి. పెద్దమ్మగారు గొడుగు పట్టుకున్నారండి."

ఆ రోజు ఆయన చెట్టెక్కలేదు. ఇంకో రోజు వచ్చి దింపుతానని చెప్పి, మోకు భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

నేను ముందు చేసిన పని, వీధి వాకిట్లోకి పరిగెత్తడం. పాప ఉయ్యాల దిమ్మ పక్కన కూర్చుని చిప్పలో మట్టి నింపుతోంది. చెయ్యి పట్టుకుని లేవనెత్తాను. అది ఏడ్చింది. మళ్ళీ కూర్చోబెట్టాను. ఎక్కడ కూర్చోబెడితే ఏమిటి? మొదటి తొట్టెలు గేటు దగ్గర నుంచి పోసుకుంటూ వచ్చారు. అయితే మందారాల కిందా? బండ్లు తిరిగేచోటా? తర్వాత ట్రాక్టరు బల్లతో అంతా కలిపి చదును చేశారు కదా. మెట్టు నుంచి గేటు దాకా చూశాను. ఒక్క అడుగు కూడా ఇది కాదు అని చెప్పడానికి లేదు.

అత్తయ్యగారు వంటింట్లో పనసపొట్టు కొడుతున్నారు. చేతులకి నూనె రాసుకుని, కత్తి పీట పక్కకి తోసి, పెద్ద కత్తితో టకటకమని. ఆ చప్పుడులోనే అడిగాను.

"అత్తయ్యగారండీ, దబ్బ చెట్టు కింద ఏముంది?"

కత్తి ఇంకో నాలుగు దెబ్బలు ఆడి ఆగింది.

"చెట్లెక్కేవాడు వచ్చేడా?"

"ఆయ్."

"వాడికి నోరాగదు."

"ఎందుకు చెప్పేరండీ నాకు అబద్ధం?"

ఆవిడ నూనె చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. "నిజం చెప్తే నువ్వు రోజూ పోయి అక్కడే కూచుంటావు. ఈ పిల్లని ఎవరు చూస్తారు? అబద్ధం చెప్తే ఉత్త మట్టి దగ్గర ఏడుస్తావు. కొన్నాళ్ళకి ఏడుపు తీరుద్ది. వాడి చోటు వాడికుంటది. అందుకే పందిరి అడిగేను. పందిరి కింద ఎవరు తవ్వుతారనుకున్నాను."

అంటే ఒకే కాగితం మీద ఇద్దరం ఒకే బిడ్డకి రెండు చోట్లు కాపాడాం. నేను కాపాడింది ఉత్త నేల. ఆవిడ కాపాడినదాన్ని నేనే కొట్టేశాను.

"మీరు చెప్పి ఉంటే," అన్నాను. గొంతు పెరిగింది. "నా బిడ్డ చోటు నాకు చెప్పకుండా దాచడానికి మీరెవరండీ? కన్నది నేను!"

"కన్నది నువ్వే. కడిగింది నేను."

పాప బయట నుంచి ఏదో పిలుస్తోంది.

"గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి కడిగేను," అన్నారావిడ. "నా బండారులంక నేత చీర చింపి చుట్టేను, తెల్లది, మెత్తగా ఉంటదని. పొడుగు చేతులు. ముక్కు మీ ఆయనది. జుట్టు మాత్రం నీదే, నుదుటి మీదకంటా ఉంది."

నాలుగేళ్ళలో ఎవరూ నాతో అనని మాటలు. నేను గోడకి జారగిలబడ్డాను.

"ఇదైనా ముందే చెప్పచ్చు కదండీ."

"నువ్వు అడగలేదు కదమ్మా. ఎప్పుడూ చోటే అడిగేవు."

కొంతసేపటికి ఆవిడ మళ్ళీ కత్తి పట్టుకున్నారు కానీ కొట్టలేదు. "ఆ రోజు ఆటో దిగి చూసేసరికి అంతా అయిపోయింది. చెప్పకపోతే నీకు తెలీదు, నాతోనే పోద్ది అనుకున్నాను. నువ్వు మాత్రం ఏం చేస్తావులే. కిటికీలోంచి కనపడాలనుకున్నావు. ఉన్న బిడ్డ కోసమే కదా."

ఆ మాట ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం ఇప్పటికీ అదే తగులుతూ ఉంటుంది. ఉన్నదానికి భయపడి భయపడి, లేనివాడి మీదికి యంత్రాన్ని నేనే పంపాను. అడుగులు లెక్కపెట్టుకున్నాను, గడియారం పెట్టుకున్నాను. ఎన్ని జాగ్రత్తలు తీసుకోవాలో అన్నీ తీసుకున్నాను.

రాయిని ఏం చెయ్యాలో తోచలేదు. కుళాయి కింద ఉంచలేం. మా ఆయన వచ్చేలోగా ఇద్దరం చెరో వైపు పట్టుకుని మోసి నందివర్ధనం పక్కన పెట్టాం. సాయంత్రం ఆయన చూసి, "ఇదేంటిక్కడ?" అన్నారు.

"నీళ్ళు పోస్తుంటే పాదు మట్టి కొట్టుకుపోతుందిరా," అన్నారు అత్తయ్యగారు, నేను నోరు తెరిచేలోగా.

ఆయన ఆ మొక్కకి రోజూ తనే నీళ్ళు పోస్తారు. ఆదివారం చర్చి నుంచి రాగానే పాపని ఎత్తుకుని అక్కడ నిలబడతారు. పైకి ప్రార్థన చెయ్యరు. పాప చేత ఒక ఆకు ముట్టించి వచ్చేస్తారు. ఆ ఆదివారం నేను వంటింటి గుమ్మంలో ఉండి చూస్తుంటే, అత్తయ్యగారు వెనకనుంచి మెల్లగా అడిగారు.

"వాడికి చెప్తావా?"

"మీరేమంటారండీ?"

"నేననేది అయిపోయిందమ్మా. ఇంక నీ ఇష్టం."

చెప్పాలనే అనుకున్నాను. నాకు చోటు చెప్పకుండా దాచారని నాలుగేళ్ళు వీళ్ళందరి మీదా కోపం పెట్టుకున్న మనిషిని నేను. కానీ చెప్పాక ఆయన ఎక్కడికెళ్ళి నిలబడతారు? ఆ ప్రశ్న దగ్గర రోజూ ఆగిపోతున్నాను.

జూన్ మొదట్లో ఆయన ముందు వాకిలంతా సిమెంటు పలకలు పరిపిద్దామన్నారు.

"వద్దండీ," అన్నాను.

"బురదవుతుంది."

"అవనివ్వండి."

"మరి మెరకెందుకు చేయించినట్టు? వీధిలో పోయేవాళ్ళు నవ్వుతారు."

"పలకలొద్దురా అబ్బాయ్," లోపలి నుంచి అత్తయ్యగారు అన్నారు. "పిల్ల కాళ్ళు కాలిపోతాయి ఎండకి."

ఆయన నావైపూ గుమ్మం వైపూ చూసి నవ్వారు. "అత్తా కోడలూ ఒక్క మాట మీద ఉన్నారంటే ఈ ఏడు ఉప్పెన తప్పదన్నమాట."

మేము నవ్వలేదు. ఆయన కూడా కాసేపటికి నవ్వు ఆపి ఫోను చూసుకున్నారు. పలకలు పరవలేదు.

మొదటి వానలు వచ్చి వెళ్ళాయి. కొత్త మట్టి కదా, దిగింది. గేటు పక్కన మందారాల దగ్గర జానెడు లోతు సొట్ట పడి నీళ్ళు నిలిచాయి. పాప అందులో గెంతుతుంటే ఇదివరకైతే జలుబు చేస్తుందని రెక్క పట్టి లాక్కొచ్చేదాన్ని. ఇప్పుడు వెంటనే పిలవలేకపోతున్నాను. పిలవకుండా ఉండనూ లేను. మెట్టు మీద నిలబడి చూస్తూ ఉంటాను. వచ్చాక కాళ్ళు కడుగుతాను, గోళ్ళలో మట్టి పుల్లతో తీస్తాను. చాలాసేపు పడుతుంది. "అయిపోయిందా అమ్మా?" అంటుంది అది.

నిన్న మా ఆయన సొట్టలన్నీ చూసొచ్చి, ఇంకో దఫా మట్టి పోస్తే గానీ లాభం లేదన్నారు. వానలు కాస్త తెరిపిస్తే బండి దొరుకుతుందట. ఈసారి ఎటు తవ్వాలో నన్నే మళ్ళీ గీసివ్వమన్నారు.

"గొయ్యి ఎటు పెంచినా పరవాలేదు," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "దబ్బ చెట్టు వైపు మాత్రం వద్దు. తెలుసు కదా," అన్నారు.

అత్తయ్యగారు బియ్యం ఏరుతున్నవారు తలెత్తి నా వంక చూశారు.

"ఆయ్, తెలుసండీ," అన్నాను.